వీధి వైపు తిరిగిన జపం

నాకు అక్షరాలు వచ్చేసరికి తలలో నల్ల వెంట్రుక మిగల్లేదు. మా రెంటచింతలలో మా కతోలికుల గుడి పక్కనే బడి ఉండేది. మా ఇంటి మగపిల్లలు అందులో చదివారు. ఆడపిల్లలం ఆ బడి గోడ వెంబడి బర్రెలను తోలుకుపోయేవాళ్ళం. లోపల పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే కొన్ని చెవికి పట్టాయి గాని చేతికి ఏమీ రాలేదు. జపాలన్నీ ఉపదేశిగారు నోటితో చెబితే నోటితోనే నేర్చుకున్నాం. మేము స్వాములవారనే ఫాదరుగారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుండేవారు కాబట్టి, మాకు ప్రార్థనలు నేర్పడానికీ తప్పులు దిద్దడానికీ ఊళ్ళో ఉండే పెద్దమనిషి ఈ ఉపదేశిగారే. తర్వాత పెళ్ళి, పొలం, పిల్లలు. మా ఆయన పోయాక నరసరావుపేటలో కూతురి దగ్గరికి వచ్చాను. ఇక్కడి గుడి వసారాలో ఒక సిస్టరు సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే, పక్కింటామెకు తోడుగా పోయి కూర్చున్నాను. ఆమె తొందరగానే మానేసింది. నేను మిగిలాను.

రాయడం వచ్చాక కూడా ఈ సంగతి రాయలేకపోయాను. మా నాయనమ్మ చౌరమ్మను మా బంధువులు పుణ్యాత్మురాలు అంటారు. ఎవరింట్లో పిల్లలు జపం ఎగ్గొట్టినా ఆమె పేరు చెప్పి మందలిస్తారు. ఆమె చేసిన పొరపాటు చెప్పకుండా ఆమె మంచితనం చెప్పడం నాకు చేతకాదు. చెబితే వాళ్ళు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను. మొన్న మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. ఊళ్ళో పాత ఇల్లు బాగు చేయిస్తున్నాడట. "అత్తా, వీధి తలుపు పక్కన గోడలో పెద్ద మేకొకటుంది. మేస్త్రి పీకబోతే రావటంలా. అది దేవమాత పటం మేకని నాయన అనేవాడు. పటం ఎవురన్నా వాకిలి పక్కన పెడతారా? లోపలి గోడకి గదా పెట్టేది?" అన్నాడు. "పీకించబాక" అన్నాను. ఎందుకో ఫోనులో చెప్పలేకపోయాను. అందుకని ఇది రాస్తున్నాను.

అది రాతి ఇల్లు. గోడలు రాయి, నేల నాపరాయి, పైకప్పు కూడా నాపరాయే. ఎండాకాలం పగలంతా కాగిన బండలు పొద్దుగూకిన తర్వాత కూడా వేడి కక్కుతుంటే, నేల మీద నీళ్ళు చల్లుకొని పడుకునేవాళ్ళం. వీధి వైపు పెద్ద తలుపు, లోపల పొడుగాటి గది, ఆ గది చివరి గోడకు దేవమాత పటం. ఇంట్లో ఎప్పుడూ దాలిలో కాగే పాల వాసన, మూలన పోసిన ఎండుమిరపకాయల ఘాటు కలిసి ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో కిరసనాయిలు దొరికేది కాదు. ఆముదపు దీపాల మసి పటం అద్దానికి పడితే నాయనమ్మ తన కొంగుతోనే తుడిచేది. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు.

ఆమెకు రోజంతా జపమే. తెల్లవారుజామున గుడికి పోయి, స్వాములవారు ఊళ్ళో ఉంటే పూజ చూసి, లేకపోతే జపం చేసుకొని వచ్చేది. తర్వాత తిరగలి ముందు కూర్చునేది. పిడికెడు జొన్నలు పోసి ఒక మంగళవార్త జపం, మళ్ళీ పిడికెడు పోసి మరొకటి. పరలోక జపం దగ్గరికి వచ్చినప్పుడు తిరగలి ఆపి నడుం నిమురుకునేది. "మా యమ్మ రొట్టెలో ఉప్పు తక్కువైనా జపం తక్కువ గాదు" అనేవాడు మా జోజి బాబాయి. ఆయన అప్పటికి పెళ్ళికాని కుర్రాడు. ఏదో ఒకటి అని తిట్టించుకోకపోతే ఆయనకు తోచేది కాదు.

సాయంత్రం దీపం పెట్టగానే అందరూ పటం ముందు మోకరించాలి. అందరికన్నా ముందు నాయనమ్మ, ఆమె వెనక అమ్మ, నాయన, బాబాయి, పిల్లలం. తలుపు మా వీపు వైపు ఉండేది. జపమాల మొదలైందంటే తల తిప్పకూడదు. పిల్లి వచ్చినా, బర్రె అరిచినా, వీధిలో జట్కా బండి పోయినా చూపు పటం మీదే ఉండాలి. ముందు మోకరించిన నాయనమ్మకు వెనక ఎవరు కదిలారో ఎలా తెలిసేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకసారి బాబాయి నిద్రలో ఒరిగి గురక పెట్టాడు. జపానికీ జపానికీ మధ్య ఆమె వెనక్కి చూడకుండానే, "ఒరేయ్ జోజీ, దేవమాత నీ గురక ఇనటానికి రాలా" అని మళ్ళీ అందుకుంది. నవ్వు ఆపుకోలేక నేను పెదవి కొరుక్కున్నాను. ఆమె ఈ నియమాన్ని కోపంతో పెట్టలేదు. "పగలంతా మన మనసు పదిచోట్ల తిరిగిద్ది. ఈ కాసేపన్నా ఆ తల్లి ముందర నిలవాలి" అనేది. ఆ మాట నిజం. ఆమె మోకరించి ఉన్నప్పుడు వెనక నుంచి చూస్తే, పక్కన పిడుగు పడినా కదలదనిపించేది.

మా ఎదురింట్లో దూదేకుల మస్తాను మామ, కాశీంబీ అత్త ఉండేవాళ్ళు. వరసలు అలా కలిపి పిలుచుకునేవాళ్ళం. ఆమె మా నాయనమ్మను పెద్దమ్మా అనేది. మామ ఇంట్లో ఉంటే, పగలు వీధంతా ఆయన దూది ఏకే వింటి నరం మోత వినిపించేది. చలికాలం ముందు ఆ విల్లు భుజాన వేసుకొని మాచర్ల వైపు పల్లెలకు పోయి, ఇంటింటికీ పరుపులూ బొంతలూ ఏకి వచ్చేవాడు. కాశీంబీ అత్తకు తొలికానుపు పోయింది. బిడ్డ పుట్టి ఏడవలేదు. ఆ తర్వాత చాలాకాలానికి మళ్ళీ నెల తప్పింది. ఆ బిడ్డన్నా దక్కాలని ఆమె కోరిక. వీధిలో అందరి కోరికా అదే.

మధ్యాహ్నాలు నాయనమ్మ ఆమెను మా అరుగు మీద కూర్చోబెట్టి తల దువ్వేది. "ఏమే, తలలో ఇంత దూది ఏందే? ఇదంతా దులిపితే దిండు కుట్టొచ్చు."

"మీ అల్లుడు ఏకిన పరుపులు ఊరోళ్ళకి. నాకు ఈ పీచే గదా పెద్దమ్మా."

"వాణ్ణి రానీ, చెబుతా. ఇదిగో కాశీంబీ, నొప్పులు మొదలైన నిమిషాన నన్ను పిలువు. పొయ్యి మీద ఎసరున్నా, నోట్లో ముద్దున్నా లేచొస్తా. ఇంటన్నావా?"

"ఇంటన్నా పెద్దమ్మా."

నేను పక్కనే ఉన్నాను. ఆ మాట ఆమె ఎంత గట్టిగా చెప్పిందో నాకు గుర్తుంది.

అది అక్టోబరు, మాకు జపమాల మాసం. ఆ నెలలో మా సాయంత్రపు జపం బాగా పొడుగు. కాశీంబీ అత్తకు ఇంకా పొద్దులున్నాయని మంత్రసాని చెప్పడంతో, మస్తాను మామ ఒక్క పల్లె చూసుకొని వచ్చేస్తానని పోయాడు. ఆ సాయంత్రం మేము జపంలో ఉండగా వాకిట్లో గాజుల చప్పుడైంది. కాసేపు ఆగి మళ్ళీ వినిపించింది. ద్వారబంధాన్ని ఎవరో పట్టుకున్నట్టు చెక్క కిర్రుమంది. నా మెడ దానంతటదే తిరగబోయింది. నాయనమ్మ జపమాల ఉన్న చేయి కొంచెం పైకెత్తింది. కదలవద్దని దాని అర్థం. జపమాల అయింది. దేవమాత ప్రార్థన అయింది. చనిపోయినవాళ్ళ కోసం, యుద్ధంలో ఉన్నవాళ్ళ కోసం, వానల కోసం కూడా అయింది. మేము లేచి తిరిగేసరికి వాకిట్లో ఎవరూ లేరు.

బర్రెలకు మేత వేయడానికి బయటికి పోయిన బాబాయి అక్కడి నుంచే కేక పెట్టాడు. "అమ్మా, కాశీంబీ అక్క ఇంట్లో దీపం లేదు. మూలుగు ఇనపడతంది!"

నాయనమ్మ అంత వయసులో అలా పరుగెత్తగలదని నేనెప్పుడూ అనుకోలేదు. నేను దీపం పట్టుకొని వెనకే పోయాను. కాశీంబీ అత్త నేల మీద గోడకు ఆనుకొని ఉంది. బిడ్డ అప్పటికే పుట్టింది. బండల మీద, చీర కుచ్చిళ్ళ మధ్య, నీలంగా ఉంది. ఏడవడం లేదు. నాయనమ్మ బిడ్డను ఎత్తి నోట్లో వేలు పెట్టి తుడిచింది, కాళ్ళు పట్టి తల కిందికి వేలాడదీసి వీపు తట్టింది, ముఖం మీద ఊదింది. ఆమె నోట జపం లేదు. "ఏడువే తల్లీ, ఏడువు" అన్నదొక్కటే. అమ్మ నీళ్ళు కాచింది. బాబాయి మంత్రసానిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె బొడ్డు కోస్తుండగా బిడ్డ పిల్లికూనలాగా ఒక సన్నటి కూత కూసింది. ఆడపిల్ల. ఒళ్ళు చల్లగా ఉందని మంత్రసాని అంటే, నాయనమ్మ మూలన బుట్టలో ఉన్న ఏకిన దూది తీసి బిడ్డను అందులో చుట్టింది.

ఊపిరి తిరిగాక నాయనమ్మ గొంతు లేచింది. "ఏమే, పిలవమని చెప్పానా లేదా? నోరు పడిపోయిందా నీకు?"

కాశీంబీ అత్త కళ్ళు మూసుకొనే చెప్పింది. "వచ్చినా పెద్దమ్మా. జపంలో ఉండావు. నీ కాడికి రావాలంటే ముందుకి రావాల. నమాజులో ఉన్నోళ్ళ ముందుకి మేం పోం గదా. ఎట్టా వస్తా?"

"ముందుకి రాకపోతే ఎనక నుంచి కేకెయ్యరాదంటే!"

"దేవుడితో మాట్టాడతా ఉండావు. నడిమిట్లో నేనేంది అనుకున్నా. అయిపోయిద్దేమో అని చూశా. కాళ్ళు నిలవలా."

నాయనమ్మ బిడ్డ చుట్టూ దూదిని మళ్ళీ సర్దింది. ఎవరితోనో తెలియనట్టు, "గాజుల చప్పుడు ఇన్నాను" అన్నది. బిడ్డ చాలా నీరసంగా ఉందనీ, తెల్లారిందాకా ఏ సంగతీ చెప్పలేననీ మంత్రసాని మెల్లగా అన్నది. కాశీంబీ అత్తకు అది వినిపించింది. "పెద్దమ్మా, ఈయన్ని పిలిపించు. బిడ్డ చెవిలో బాంగు చెప్పాల. చెప్పకుండా పోతే నేను తట్టుకోలేను" అని నాయనమ్మ చేయి పట్టుకుంది. పుట్టిన బిడ్డ చెవిలో దేవుడి పిలుపు వినిపించడం వాళ్ళ ఆచారం. మా వీధిలో వాళ్ళవాళ్ళు ఇంకెవరూ లేరు. బాబాయి అప్పటికప్పుడే బండికి ఎద్దులను కట్టుకొని మామ కోసం మాచర్ల దారి పట్టాడు.

మర్నాడు పొద్దున నేను చేసింది చివర చెబుతాను. ముందు మేకు సంగతి.

కాశీంబీ అత్త లేచి తిరిగేదాకా నాయనమ్మ ఎప్పటిలాగే జపం చేయించింది గాని, ఆ గొంతులో జీవం లేదు. మధ్యలో ఆగిపోయేది. స్వాములవారు మళ్ళీ ఊళ్ళోకి వచ్చిన రోజున గుడికి పోయి, పాపసంకీర్తనంలో ఆయనతో తన తప్పు చెప్పుకొని వచ్చింది. ఆయన ఏం చెప్పారో మాకు చెప్పలేదు. ఇంటికి వస్తూనే బాబాయిని పిలిచి సుత్తి, మేకు తెమ్మంది. పటాన్ని చివరి గోడ నుంచి తీసి వీధి తలుపు పక్కన కొట్టించింది.

"ఏందమ్మా, దేవమాతను వాకిట్లో కాపలా పెడతన్నావా?" అన్నాడు బాబాయి.

"ఆమెకెందుకురా కాపలా. నాకు వీధి కనపడాల. కొట్టు."

ఆ రోజు నుంచి జపమప్పుడు మేము వీధి వైపు తిరిగి మోకరించాం. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచేవాళ్ళం. పటం చూస్తే వాకిలి కనిపించేది, వాకిలి చూస్తే పటం కనిపించేది. నాయనకు ఇది నచ్చలేదు. "ఇది జపమా, సంతా?" అని గొణిగేవాడు. నిజానికి మొదట్లో సంతలాగానే ఉండేది. వీధిలో పిల్లలు మమ్మల్ని చూసి కోతిచేష్టలు చేసేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాయనమ్మ పూస మీద బొటనవేలు అలాగే నొక్కిపట్టి, "ఏమే సుబ్బులూ, పిల్లోడికి జొరం తగ్గిందా?" అని అడిగేది. "తగ్గింది పెద్దమ్మా" అంటే, మంగళవార్త జపం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకునేది. తగ్గలేదంటే అమ్మను మిరియాల కషాయం ఇచ్చి రమ్మనేది. అమ్మ వచ్చిందాకా మేము మోకాళ్ళ మీద ఉండేవాళ్ళం. జపం పూర్తికాని రోజులు కూడా ఉన్నాయి.

ఉపదేశిగారు విని వచ్చారు. ఆయన నాయనమ్మకన్నా పెద్దవారు, మంచివారు, మా అందరికీ నోటి చదువు చెప్పినవారు. "చౌరమ్మా, జపంలో చూపు చెదరకూడదు. నేను నీకు చిన్నప్పుడు నేర్పింది అదే గదా" అన్నారు.

"నేర్పారు. నేనూ దాన్నే పట్టుకున్నాను. నా చూపు చెదరకుండా ఉన్న పూట ఎదురింట్లో ఒక తల్లి బండల మీద పడుంది. ఇప్పుడు చెదిరితే చెదరనీండి ఉపదేశిగారూ. చెదిరిన కాడ మనిషే గదా ఉండేది. ఆ తల్లి కొడుకు చచ్చింది మనుషుల కోసమే గదా."

ఆయన అరుగు మీద కూర్చొని మజ్జిగ తాగారు. ఆ పూట జపానికి ఉండి, మాతోపాటు వీధి వైపే మోకరించారు. వాళ్ళిద్దరిలో ఎవరిది సరి అని నన్ను అడిగితే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. పాత జపంలో ఉన్న నిశ్శబ్దం మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాయనమ్మ కూడా దాని కోసం కొంచెం బెంగపడేదనుకుంటాను. అందుకే తెల్లవారుజామున గుడిలో అందరూ లేచిపోయాక కూడా కాసేపు ఉండిపోయేది. కానీ మరుసటి ఏడు జపమాల మాసంలో, ఎదురింటి పిల్ల వీధి దాటి పాక్కుంటూ వచ్చి గడపెక్కి, నాయనమ్మ చేతిలోని జపమాల పట్టి లాగేది. "ఒదులే, దొంగమొహమా" అని ఒక చేత్తో దాన్ని ఒళ్ళోకి తీసుకొని రెండో చేత్తో పూసలు తిప్పేది. అప్పుడు ఆమె గొంతులో పాత జీవమంతా ఉండేది.

ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. మంచినీళ్ళ కోసం ఎండలో అంత దూరం నడిచిన కాళ్ళు నావి. బావి నీళ్ళతో వచ్చే నారికురుపు నొప్పి నాకు తెలుసు. ఇప్పుడైతే కాశీంబీ అత్తను నరసరావుపేట ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు, ఫోను చేస్తే బండి వచ్చేది. మా మనమరాలి కానుపు అలాగే సుఖంగా జరిగింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. మేమిప్పుడు ఉండేది పై అంతస్తులో. తలుపులు మూసి ఉంటాయి. మూయకపోతే దోమలు. ఎదురింటి వాళ్ళు మంచివాళ్ళే, కనిపిస్తే నవ్వుతారు. మనుషులు చెడిపోయారని నేను నమ్మను. పిలవడానికి మొహమాటపడేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు గడప దాకా వచ్చి వెనక్కి పోకుండా చూసుకోవడం ఎప్పుడూ లోపల ఉన్నవాళ్ళ పనే.

నా విషయంలో ఒక తమాషా జరిగింది. అక్షరాలు వచ్చాక జపం పుస్తకం చూసి చెప్పడం అలవాటైంది. ఆ ముచ్చట ఇంకా తీరలేదు నాకు. నోటికి వచ్చిన జపాలు కూడా వేలు పెట్టి చదువుకుంటాను. అయితే పుస్తకంలో చూపు ఉంటే మనుషులు కనపడరు. ఒకరోజు మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి ఎదురుగా కుర్చీలో కూలబడి ఎంతసేపు కూర్చుందో నాకు తెలియదు. తలెత్తి చూస్తే ముఖం వాడిపోయి ఉంది. "ఏందమ్మా?" అంటే, "నువ్వు కానియ్యి, తర్వాత చెబుతాలే" అన్నది. పుస్తకం మూసేశాను. ఆ రోజు చదవాల్సిన పేజీ అలాగే ఉండిపోయింది. మేమిద్దరం అన్నాల వేళ దాకా మాట్లాడుకున్నాం.

ఇక ఆ మర్నాటి సంగతి. నాయనమ్మ తెల్లవార్లూ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పొద్దు పొడవకముందే నన్ను పేరు పెట్టి పిలిచి లేపి, "నువ్వు పూజకి పో ఇన్నమ్మా. నేనియ్యాల రానని దేవుడికి నువ్వే చెప్పు" అన్నది. నేను తల మీద ముసుగు వేసుకొని గుడి దారి పట్టాను. వీధి మలుపులో మా బండి కనిపించింది. బండి ఆగకముందే మస్తాను మామ దూకి నా వైపు పరుగెత్తుకొచ్చాడు. తలపాగా లేదు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖం. నా ముందు ఆగి, "ఉండారా?" అన్నాడు.

"ఉండారు మామా. ఇద్దరూ ఉండారు. ఆడపిల్ల" అన్నాను.

ఆయన అక్కడే దారిలో కూలబడ్డాడు. గుడి నాలుగడుగుల్లో ఉంది. నేను ఆయన చేయి పట్టుకొని లేపి వెనక్కి తిరిగాను.

బాంగు చెప్పే ముందు చేతులూ కాళ్ళూ ముఖమూ కడుక్కోవాలి. వాళ్ళింట్లో నీళ్ళన్నీ రాత్రి అయిపోయాయి. నేను మా ఇంటికి పోయి కుండలోంచి చెంబెడు ముంచుకొచ్చాను. మామ వాకిట్లో గొంతుకూర్చొని చేతులు చాపాడు. ఒక్క చుక్క వృథా పోకుండా సన్నటి ధారగా పోశాను. ముఖం, మోచేతులు, పాదాలు. నీళ్ళు చాలకపోతే మళ్ళీ పోయి తెచ్చాను. అంతలో పూజ గంట మోగింది. లోపలి నుంచి నాయనమ్మ నన్ను చూసింది. పొమ్మనలేదు. ఆమె బిడ్డను మామ చేతుల్లో పెట్టి, చెవి దగ్గర దూదిని వేలితో పక్కకు తీసింది. మామ ఒంగి, ఆ మిరపగింజంత చెవిలో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఆ మాటలు తెలియవు. ఆయన సగంలో ఉండగా బిడ్డ నోరంతా తెరిచి, రాత్రి నుంచి ఒక్కసారి కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. కాశీంబీ అత్త పడుకున్న చోటి నుంచే నవ్వింది. నేను గడప మీద తడి చెంబు పట్టుకొని, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడ్డాను.